ఫొటో తీశాం సరే, భద్రంగా ఇంటికి చేరేదెలా?

పొదిలి నుంచి యాత్రకు బయలుదేరే కుటుంబానికి దారులు చాలానే ఉన్నాయి. మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం. కనిగిరి వైపు తిరిగితే భైరవకోన గుహాలయాలు. ఒంగోలు చేరుకుంటే తిరుపతి రైలు. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో ఎక్కితే అటు గుంటూరు, ఇటు నంద్యాల. సెలవులు, డబ్బులు కలిసొచ్చినవాళ్లకు కాశీ, శబరిమల, చార్‌ధామ్. ఎక్కడికి వెళ్లినా ఆ ప్రయాణం మొత్తానికి ఆల్బమ్ ఒక్కటే. అది ఎవరో ఒకరి జేబులో ఉన్న ఫోన్.

బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించిన ఫొటో, అమ్మానాన్న మొదటిసారి గంగ ఒడ్డున నిలబడ్డ ఫొటో, పెళ్లయ్యాక కొత్త దంపతులు కొండకు వెళ్లిన ఫొటో, అన్నీ అందులోనే ఉంటాయి. తీసేటప్పుడు ఎంతో శ్రద్ధ పెడతాం. వెలుతురు చూస్తాం, అందరినీ దగ్గరకు జరగమంటాం, కళ్లు మూసుకున్నారని ఇంకోసారి తీస్తాం. తీసిన ఫొటో ఇంటికి చేరేదాకా ఎక్కడ ఉంటుంది, ఎన్ని చోట్ల ఉంటుంది అన్న ప్రశ్న మాత్రం బయలుదేరే ముందు ఎవరికీ గుర్తు రాదు. నాలుగైదు రోజుల ప్రయాణంలో ఫొటోకు అసలు గండం ఆ మధ్య కాలంలోనే. దాన్ని దాటించే పద్ధతి ఖరీదైనదీ కాదు, కష్టమైనదీ కాదు. రోజూ సాయంత్రం అరగంట కేటాయిస్తే చాలు. ఆ పద్ధతి ఏమిటో, దాని వెనుక ఉన్న కారణాలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

స్టూడియో కాలంలో దక్కిన రక్షణ

రీలు కెమెరాల రోజుల్లో ఫొటో పోగొట్టుకోవడం అంత సులభంగా ఉండేది కాదు. నెగెటివ్ ఒక కవరులో ఉండేది. దాన్నుంచి కడిగిన ప్రింటు ఇంట్లో ఆల్బమ్‌లో ఉండేది. ఇంకో రెండు ప్రింట్లు మేనమామ ఇంటికో అత్తగారింటికో వెళ్లేవి. పెళ్లి ఫొటోలైతే నెగెటివ్‌లను స్టూడియోవాళ్లే ఏళ్ల తరబడి దాచేవాళ్లు. ఎవరూ ప్రణాళిక వేసుకోకుండానే ఒకే ఫొటో మూడు నాలుగు ఊళ్లలో భద్రంగా ఉండేది. ఇంట్లో ఆల్బమ్‌కు చెదలు పట్టినా, నెగెటివ్ ఉంటే మళ్లీ కడిగించుకునే వీలుండేది.

నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియో తీసిన ఫొటోల గాజు నెగెటివ్‌లను కుటుంబం దాచి ఉంచింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిలో 2,857 నెగెటివ్‌లను సేకరించింది. ఆనాటి హైదరాబాద్ మనుషులను, మేడలను ఇప్పుడు మనం చూడగలుగుతున్నామంటే కారణం అదే. రాజుల ఆల్బమ్‌లలోకి ప్రింట్లు ఎన్ని వెళ్లినా, మూలం వేరే చోట భద్రంగా ఉంది.

డిజిటల్ ఫొటోకు ఇలా వాటంతట అవే ఏర్పడే ప్రతులు లేవు. తీసిన క్షణంలో అది ఒకే ఒక్క పరికరంలో, ఒకే ఒక్క ఫైలుగా పుడుతుంది. రెండో ప్రతి కావాలంటే మనమే తయారుచేసుకోవాలి.

ప్రయాణంలో ఫొటోలు ఎలా పోతాయి

మొదటిది ఫోన్ పోవడం. బస్టాండు రద్దీ, తిరునాళ్ల తోపులాట అందరికీ తెలిసినవే. యాత్రికులకు ఇంకో సందర్భం కూడా ఉంది. తిరుమలలో, శ్రీశైలంలో, కాశీ విశ్వనాథుడి గుడిలో ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. కౌంటర్‌లోనో లాకర్‌లోనో పెట్టి గంటల తరబడి దర్శనానికి వెళ్లాలి. ఇంటిల్లిపాది ఫోన్లనూ ఒకే సంచిలో వేసి ఒకే టోకెన్ తీసుకోవడం మనకు అలవాటు. ఆ టోకెన్ పోయినా, సంచి మారిపోయినా అందరి ఫొటోలూ ఒకేసారి చిక్కులో పడతాయి.

రెండోది నీళ్లు. పాతాళగంగ మెట్ల మీద, భైరవకోన జలపాతం కింద ఫోన్ తడవడం మామూలే. నీళ్లను తట్టుకుంటుందని రాసి ఉన్న ఫోన్లను కూడా నిలకడగా ఉన్న మంచినీటిలో, నిర్ణీత లోతులో, నిర్ణీత సమయం పాటే పరీక్షిస్తారు. పైనుంచి దూకే నీటి ఒత్తిడి వేరు. పైగా ఫోన్ పాతబడేకొద్దీ, ఒకసారి కిందపడ్డాక, ఆ రక్షణ తగ్గుతుంది.

మూడోది ఎండ. పశ్చిమ ప్రకాశంలో వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ. ఐఫోన్లను 45 డిగ్రీలకు మించిన వేడిలో ఉంచవద్దని యాపిల్ సంస్థే చెబుతోంది. మిగతా ఫోన్ల బ్యాటరీలూ లిథియంవే, వాటికీ వేడి పడదు. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి దర్శనానికి వెళ్లిన ఫోన్, తిరిగొచ్చేసరికి ఆన్ కాకపోవచ్చు. కేదార్‌నాథ్ లాంటి చోట్ల దీనికి తలకిందుల ఇబ్బంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఛార్జింగ్‌కు కరెంటు దొరకదు, కాపీ తీసుకునే వీలే ఉండదు.

నాలుగోది, తెలిసో తెలియకో మనమే తుడిచేయడం. స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ హెచ్చరిస్తుంది. ఎదురుగా రథోత్సవం కదులుతూ ఉంటుంది. ఆ కంగారులో పాతవేవో తీసేయబోయి పొద్దున తీసినవి తీసేస్తాం. ఫోన్ ఆడుకోవడానికి తీసుకున్న పిల్లల చేతిలోనూ ఇది జరగొచ్చు.

అయిదోది చాలామంది ఊహించనిది. ఫొటోలు క్లౌడ్‌లో భద్రంగానే ఉంటాయి, వాటిని తెరిచే దారి మూసుకుపోతుంది. ఫోన్‌తో పాటు సిమ్ కూడా పోయింది. ఇంకో ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరవబోతే ఓటీపీ అడుగుతుంది. ఆ ఓటీపీ పోయిన సిమ్‌కే వెళుతుంది. దీనికి విరుగుడు బయలుదేరే ముందే చేసుకోవాలి, ఆ సంగతి కింద చెబుతాను.

3-2-1 లెక్క

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. దాన్ని 3-2-1 అంటారు. ప్రతి ఫొటోకూ 3 ప్రతులు ఉండాలి. అవి కనీసం 2 రకాల సాధనాల్లో ఉండాలి. వాటిలో 1 వేరే ప్రదేశంలో ఉండాలి.

అంకెలకు కారణాలున్నాయి. ఒకే ప్రతి ఉంటే ఒక్క ప్రమాదం చాలు. రెండు ఉన్నా, ఒకటి పాడయిందని తెలిసి సరిచేసుకునే లోపల రెండోది పోవచ్చు, అందుకే మూడు. ఒకే కంపెనీ మెమరీ కార్డులు మూడు కొని మూడింటిలోనూ ఫొటోలు పెడితే, అన్నిటికీ ఒకే లోపం ఉండొచ్చు, అందుకే రెండు రకాలు. అన్నీ ఒకే సంచిలో ఉంటే సంచితో పాటే పోతాయి, అందుకే వేరే చోట.

ఆ చివరి అంకెను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో చూశాం. డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలకు నిప్పంటుకుంది. ప్రభుత్వ ఉద్యోగులు తమ పనిపత్రాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ కాలిపోయింది. దానికి బయట ఎక్కడా ప్రతి లేదు. 858 టెరాబైట్ల సమాచారం పోయింది. సాంకేతికంగా అంత ముందున్న దేశానికే తప్పని నష్టం, ఒక్క ఫోన్‌ను నమ్ముకున్న కుటుంబానికి మరింత తేలిగ్గా రాగలదు.

ప్రయాణంలో ఈ లెక్క ఇలా కుదురుతుంది. మొదటి ప్రతి ఫోన్‌లో. రెండోది ఒక పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకరి సంచిలో. మూడోది క్లౌడ్‌లో. ఫోన్‌లోనే దూర్చిన మెమరీ కార్డును రెండో ప్రతిగా లెక్కవేయకూడదు. ఫోన్ పోతే కార్డూ దానితోనే పోతుంది.

క్లౌడ్: సౌకర్యం ఎంత, హద్దులెక్కడ

క్లౌడ్ అంటే వేరే ఊళ్లో, చాలాసార్లు వేరే దేశంలో, ఒక కంపెనీ నడిపే కంప్యూటర్లు. మన ఫొటో ఇంటర్నెట్ ద్వారా అక్కడికి చేరి నిల్వ ఉంటుంది. 3-2-1లో చివరి అంకెకు ఇంతకంటే తేలికైన మార్గం లేదు. అయితే దాన్ని సరిగా వాడుకోవడానికి నాలుగు సంగతులు తెలియాలి.

మొదటిది చోటు. గూగుల్ ఖాతాకు ఉచితంగా దొరికేది 15 జీబీ. అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ సర్దుకోవాలి. 2021 జూన్ 1కి ముందు కొంత తగ్గించిన నాణ్యతతో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా పెట్టుకునే వీలుండేది, ఇప్పుడు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇదే 15 జీబీలో లెక్కకు వస్తోంది. యాపిల్ ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీ మాత్రమే. చోటు నిండిన రోజు నుంచి కొత్త ఫొటోలు పైకి వెళ్లడం ఆగిపోతుంది. ఫోన్ ఒక చిన్న హెచ్చరిక చూపిస్తుంది, మనం దాన్ని పక్కకు తోసేస్తాం. యాత్రకు వారం ముందే ఎంత చోటు మిగిలిందో చూసుకుని, తక్కువగా ఉంటే పాత పెద్ద వీడియోలను ఇంట్లో కంప్యూటర్‌లోకి మార్చుకోవాలి. లేదా నెలవారీ చందా కట్టాలి.

రెండోది వైఫై. గూగుల్ ఫొటోస్ మామూలుగా వైఫై దొరికినప్పుడే ఫొటోలు పైకి పంపుతుంది. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో వైఫై లేదు, అందరిదీ మొబైల్ డేటానే. ఆ అమరికను మార్చకపోతే బ్యాకప్ ఆన్‌లో ఉన్నట్టు కనిపిస్తూనే ఒక్క ఫొటో కూడా పైకి వెళ్లకపోవచ్చు. ఇప్పుడే యాప్ తెరిచి, బ్యాకప్ అమరికల్లో మొబైల్ డేటా వాడకానికి అనుమతి ఉందో లేదో చూడండి. పవర్ సేవింగ్ ఆన్ చేసి ఉన్నా ఈ పని ఆగిపోవచ్చు. ఇంకొకటి, మామూలుగా కెమెరాతో తీసినవే పైకి వెళతాయి. వాట్సాప్‌లో వచ్చినవి, వేరే ఫోల్డర్లలో ఉన్నవి కూడా కావాలంటే ఆ ఫోల్డర్లను విడిగా ఎంచుకోవాలి.

మూడోది వేగం. ఒక చిన్న లెక్క చేద్దాం. రెండు రోజుల యాత్రలో ఒక్కొక్కటి 4 ఎంబీ చొప్పున 300 ఫొటోలు తీస్తే 1.2 జీబీ. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి 130 ఎంబీ అనుకుంటే 20 నిమిషాలకు 2.6 జీబీ. మొత్తం 3.8 జీబీ. పైకి పంపే వేగం సెకనుకు 2 మెగాబిట్లు ఉంటే దీనికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ప్యాక్ అయితే ఒక రోజులో అసలు పూర్తే కాదు. దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పండగ రోజుల్లో శ్రీశైలంలో లక్షల మంది ఒకేసారి ఫోన్లు వాడుతుంటే వేగం పడిపోతుంది. రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ ఇచ్చే ఉచిత వైఫై రోజుకు అరగంటే. అందువల్ల యాత్రలో క్లౌడ్‌ను తోడుగా పెట్టుకోవచ్చు గాని, దాని మీదే పూర్తిగా ఆధారపడకూడదు. ఫొటోలను ముందు పంపి, బరువైన వీడియోలను ఇల్లు చేరాక పంపడం మంచి ఏర్పాటు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. గూగుల్ ఫొటోస్‌లోగాని ఐక్లౌడ్‌లోగాని ఫోన్, క్లౌడ్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. యాప్‌లో ఫొటోను డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. క్లౌడ్‌లో ఉంది కదా అని ఫోన్‌లో చోటు కోసం తుడిచేసి రెండు చోట్లా పోగొట్టుకునేవాళ్లున్నారు. ఫోన్‌లో మాత్రమే చోటు ఖాళీ చేసుకోవడానికి గూగుల్ ఫొటోస్‌లో వేరే మీట ఉంది. పైకి చేరినవాటినే అది ఫోన్‌లోంచి తీసేస్తుంది. చోటు అవసరమైతే దాన్నే వాడాలి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో ప్రతి ఉన్నప్పుడే ఆ పనీ చేయాలి.

చేతిలో ఉండే ప్రతి

సిగ్నల్ లేనిచోట ఆదుకునేది ఓటీజీ పెన్‌డ్రైవ్. ఒక కొస ఫోన్‌కు, మరో కొస కంప్యూటర్‌కు పట్టే పెన్‌డ్రైవ్‌లు ఒంగోలు, మార్కాపురం మొబైల్ షాపుల్లోనూ దొరుకుతాయి. కుటుంబ యాత్రకు 128 జీబీది ధారాళంగా సరిపోతుంది. ఫోన్‌కు తగిలించి, ఫైల్ మేనేజర్‌లో డీసీఐఎం అనే ఫోల్డర్ తెరిచి, అందులోని కెమెరా ఫోల్డర్‌ను కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో అతికించాలి. ఇక్కడ ‘మూవ్’ నొక్కకూడదు, ‘కాపీ’నే నొక్కాలి. మూవ్ చేస్తే ఫోన్‌లోది పోయి మళ్లీ ఒక్క ప్రతే మిగులుతుంది. మధ్యలో కేబుల్ కదిలితే అదీ దక్కకపోవచ్చు.

కొనేటప్పుడు జాగ్రత్త అవసరం. పైన పెద్ద అంకె ముద్రించి లోపల చిన్న చిప్ పెట్టి అమ్మే నకిలీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు మార్కెట్లో ఉన్నాయి. ఇవి మొదట బాగానే పనిచేస్తాయి. అసలు సామర్థ్యం నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడిపోతాయి, పేర్లు కనిపిస్తాయి గాని ఫొటోలు తెరుచుకోవు. కొన్న వెంటనే కంప్యూటర్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నింపి చూస్తే నిజం బయటపడుతుంది. ప్రయాణం ముందు రోజు కొన్నదాన్ని పరీక్షించకుండా తీసుకెళ్లడం మంచిది కాదు.

ఫార్మాట్ కూడా గమనించాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఒక్క ఫైలును పెట్టలేం. పొడవైన పెళ్లి వీడియో అందుకే కాపీ కాదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ ఇబ్బంది లేదు. మీ ఫోన్ దాన్ని చదువుతుందో లేదో ఇంట్లోనే తగిలించి చూసుకోవాలి.

రోజూ ఎక్కువ వీడియో తీసేవాళ్లకు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ నయం. పాత తరహా హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటుంది, దానిమీద సన్నని తల కదులుతుంది. ఘాట్ రోడ్డులో కుదుపుల మధ్య కాపీ చేస్తే ఆ తల పళ్లేన్ని తాకి డిస్క్ పాడయ్యే అవకాశం ఉంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. హార్డ్‌డిస్క్ ఇంట్లో బీరువాలో పెట్టుకోవడానికి చవకైన మంచి సాధనం.

కాపీ అయ్యాక తప్పనిసరిగా చేయవలసిన పని, సరిచూసుకోవడం. ఫోన్‌లో ఎన్ని ఫైళ్లున్నాయి, పెన్‌డ్రైవ్‌లో ఎన్ని చేరాయి, మొత్తం ఎన్ని జీబీలు, ఈ అంకెలు కలవాలి. మొదటిది, చివరిది, మధ్యలో రెండు మూడు తెరిచి చూడాలి. ఆ తర్వాత ఎజెక్ట్ నొక్కి తీయాలి. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, అది తెరుచుకోవడం వేరు. 1998లో పిక్సార్ సంస్థలో టాయ్ స్టోరీ 2 సినిమా ఫైళ్లు పొరపాటున తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్ ఉందిలే అని చూస్తే అది కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తేలింది. కాన్పు తర్వాత ఇంటినుంచి పనిచేసిన గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంటి కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ఆ సినిమాను కాపాడింది.

వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా

చాలామంది ధైర్యం ఇదే. వాట్సాప్ మామూలుగా ఫొటోను పంపేముందు కుదిస్తుంది. 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000 పిక్సెళ్ల పొడవుంటుంది. మామూలు నాణ్యతలో పంపితే సుమారు 1600 పిక్సెళ్లకు దిగుతుంది. అంటే చుక్కల లెక్కన ఆరో వంతే మిగులుతుంది. ఫోన్‌లో చూడటానికి బాగుంటుంది, పెద్ద ప్రింటు వేయిస్తే మొహాలు మసకబారతాయి. ఫొటో ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ తీశారో చెప్పే వివరాలు కూడా పోతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత మెరుగు. ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నదున్నట్టు చేరుతుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా పంపవచ్చు. ముఖ్యమైన పది ఫొటోలను ఊళ్లో ఉన్న తమ్ముడికో, హైదరాబాద్‌లో పనిచేసే కొడుక్కో రోజూ రాత్రి డాక్యుమెంట్‌గా పంపితే, వేరే ఊళ్లో ఒక ప్రతి ఏర్పడుతుంది. అతన్ని వాటిని విడిగా దాచమని చెప్పాలి.

కెమెరాతో వెళ్లేవారికి

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు, కంభం పెళ్లి ఫొటోగ్రాఫర్లు ముహూర్తం ఎక్కడ ఉంటే అక్కడికి ప్రయాణం చేస్తారు. వాళ్ల మీద ఇంకొకరి జీవితంలోని రోజు ఆధారపడి ఉంటుంది. రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే, ఒకే ఫొటో రెండింటిలోనూ నమోదయ్యేలా అమర్చుకోవాలి. ఒక కార్డు నిండాక రెండోదానికి వెళ్లే అమరిక చోటు పెంచుతుంది గాని రక్షణ ఇవ్వదు. ఒకే పెద్ద కార్డు కంటే మధ్యరకం కార్డులు కొన్ని ఉంచుకోవడం మేలు, ఒకటి పాడయినా మొత్తం పోదు. నిండిన ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటను దించి, ఖాళీవాటికి దూరంగా వేరే డబ్బాలో పెట్టాలి. రెండు ప్రతులు ఇల్లు చేరి, సరిచూసుకున్నాకే కార్డును ఫార్మాట్ చేయాలి. ఆ ఫార్మాట్ కెమెరాలోనే చేయాలి.

రోజూ సాయంత్రం అరగంట

గది చేరాక ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టేముందు పెన్‌డ్రైవ్ తగిలించి ఆ రోజువి కాపీ చేయాలి. తేదీ, ఊరు పేరుతో ఫోల్డర్ పెడితే ఇల్లు చేరాక వెతుకులాట ఉండదు. అంకెలు సరిచూసుకుని పెన్‌డ్రైవ్‌ను ఇంకొకరి సంచిలో పెట్టాలి. అది ఫోన్‌తో పాటు ఒకే చోట ఉండకూడదు. తర్వాత ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టి, సిగ్నల్ ఉంటే రాత్రంతా క్లౌడ్‌కు పంపనివ్వాలి. పొద్దున లేచాక యాప్‌లో బ్యాకప్ పూర్తయిందన్న మాట కనిపించిందో లేదో చూడాలి.

శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవచ్చు. దోర్నాల నుంచి అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. రాత్రి దోర్నాలలో ఆగవలసి వస్తే, ఘాట్ ఎక్కేముందు ఆ సమయం బ్యాకప్‌కు బాగా పనికొస్తుంది.

బయలుదేరే ముందు చేయవలసిన పని ఇంకొకటి. గూగుల్ ఖాతా భద్రత విభాగంలో బ్యాకప్ కోడ్లు ఉంటాయి. ఎనిమిది అంకెల కోడ్లు పది ఇస్తారు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి, నమ్మకమైన మనిషి దగ్గర ఒకటి పెట్టండి. సిమ్ పోయినా ఓటీపీ లేకుండా ఖాతా తెరవడానికి అవి పనికొస్తాయి. ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను కూడా అదే కాగితం మీద రాసుకోండి.

పోయాయని తెలిసిన వెంటనే

ఫొటోలు తుడిచేశామని తెలిస్తే ముందు ట్రాష్ ఫోల్డర్ చూడాలి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అక్కడ ఉంటాయి. ఐఫోన్‌లో 30 రోజులు.

కెమెరా కార్డులో పోయినవైతే ఆ కార్డును వెంటనే బయటకు తీయాలి. దాంతో ఇంకొక్క ఫొటో కూడా తీయకూడదు. డిలీట్ చేసినప్పుడు కార్డు ఫొటోను అప్పటికప్పుడు చెరిపేయదు. అడంగల్‌లో పేరు కొట్టేసినా, ఇంకొకరు దున్నేదాకా పొలంలో పాత పైరు ఉన్నట్టే, కొత్త ఫైలు వచ్చి కూర్చునేదాకా పాత ఫొటో అక్కడే ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కంప్యూటర్‌లో దాన్ని తిరిగి రాబట్టే అవకాశం బాగానే ఉంది. ఫోన్ లోపలి మెమరీలో ఇది దాదాపు కుదరదు. అక్కడ సమాచారం గుప్తలిపిలో ఉంటుంది, ఖాళీ అయిన చోటును ఫోన్ తనంతట తానే శుభ్రం చేస్తుంది. ఫోన్ నుంచి పోయినవన్నీ తీసిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు.

ఫోనే పోతే, సిమ్‌ను బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదు తీసుకుని, కేంద్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ సంఖ్యతో ఫోన్‌ను బ్లాక్ చేయవచ్చు. పోలీసులు అలా వెతికి తిరిగి ఇచ్చిన ఫోన్లు చాలానే ఉన్నాయి. ఫోన్ దొరకడానికి మాత్రం నెలలు పట్టొచ్చు, లోపలి ఫొటోలు ఉంటాయన్న హామీ లేదు.

ఇల్లు చేరాక

యాత్ర ముగిసిన వారంలో మిగిలిన పని పూర్తిచేయాలి. వీడియోలను క్లౌడ్‌కు పంపాలి. మొత్తాన్ని ఇంట్లో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌ను, కార్డును శాశ్వత భాండాగారంగా వాడకూడదు. వాటిలోని చిప్ విద్యుదావేశం రూపంలో సమాచారాన్ని దాస్తుంది, ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే అది క్షీణిస్తుంది. రెండేళ్లు వాడని గూగుల్ ఖాతాను కంపెనీ తొలగించవచ్చు. అందుకే పెద్దవాళ్ల పేరుతో ఉన్న ఖాతాలను అప్పుడప్పుడు తెరుస్తూ ఉండాలి. ఇరవయ్యో ముప్పయ్యో మంచి ఫొటోలు ఎంచి ప్రింట్లు వేయించండి. పాస్‌వర్డ్ అడగనిది, ఛార్జింగ్ అక్కర్లేనిది ప్రింటు ఒక్కటే.

అన్ని ఫొటోలకూ ఒకే విలువ ఉండదు. శ్రీశైలం గోపురం ఫొటో పోతే ఇంకోసారి తీసుకోవచ్చు. మళ్లీ తీసుకోలేనివి కొన్ని ఉంటాయి. వెలిగొండ ప్రాజెక్టు నల్లమల సాగర్ కోసం సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందుల్లో ఆనకట్టలు కట్టారు. వాటి వెనుక నీళ్లు నిలిస్తే సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్లు మునుగుతాయి. ఆ ఊళ్ల రామాలయం, రచ్చబండ, ఇంటి అరుగు రేపటి పిల్లలకు కనిపించాలంటే ఈనాడు తీసిన ఫొటోలే దిక్కు. ఆ ఊళ్లకు చుట్టపుచూపుగా వెళ్లినవాళ్ల ఫోన్లలో కూడా అవి ఉండే ఉంటాయి. బతుకుతెరువు కోసం వలస వెళ్లిన కుటుంబాల దగ్గర, సొంతూరి గుర్తులుగా ఉన్నవీ అవే.

ఈసారి ఊరికి వెళ్లినా, గుడికి వెళ్లినా, మీ సంచిలో ఒక పెన్‌డ్రైవ్ వేసుకోండి. ఆ సాయంత్రమే రెండో ప్రతి తీయండి, దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వండి. ఇప్పటికే మీ ఫోన్‌లో ఒకే ప్రతిగా ఉన్న పెద్దవాళ్ల ఫొటోలకు ప్రయాణం దాకా ఆగకండి. వాటికి ఈ రోజే ఇంకో ప్రతి తీసి పెట్టండి.